తాళం వేసిన ఇంట్లో ఎవరున్నారు?

హైదరాబాద్‌లో కొత్తగూడ కూడలి పక్కనే కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. ఒకప్పటి రిజర్వు అడవిలో సుమారు 270 ఎకరాల పచ్చదనం అక్కడ మిగిలింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఈ చుట్టుపక్కల చాలామటుకు బండరాళ్లు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య చెరువులు ఉండేవి. ఇప్పుడు ఆ అడవి ముక్కను ఆనుకుని అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో ఎప్పుడు చూసినా కొన్ని ఫ్లాట్లకు తాళాలు కనిపిస్తాయి. కొందరు యజమానులు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగం చేస్తుంటారు. కొందరు పెద్దవాళ్లు మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలలు వెళ్లి ఉంటారు. ఇక్కడే ఉండే సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో కొందరికి చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లున్నాయి. జంట జలాశయాల్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో ఆ ఊళ్లలో పెద్ద కట్టడాల్ని చాలాకాలం ఆపింది. అందువల్ల అక్కడ చిన్న ఇల్లు, చుట్టూ పెద్ద తోట అనే పద్ధతి స్థిరపడింది. శని, ఆదివారాలు తప్ప ఆ ఇళ్లకూ తాళమే.

తాళం తీసినప్పుడు కనిపించేవి అందరికీ తెలిసినవే. కిటికీ తెర మీద బల్లి పెంటికలు, బాల్కనీలో ఏసీ యంత్రం వెనక పావురం గూడు, బాత్రూమ్ మూలలో బొద్దింకలు, వాషింగ్ మెషిన్ వెనక ఒక పాము కుబుసం. చూడగానే గుండె ఝల్లుమంటుంది. పురుగుమందు డబ్బా వైపో, కర్ర వైపో చెయ్యి పోతుంది. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగాలని నా కోరిక. లోపలికి వచ్చిన ఏ ప్రాణీ దారి తప్పి రాలేదు, పగబట్టీ రాలేదు. ఆ ఇంట్లో దానికి కావలసింది ఏదో ఉంది, లోపలికి రావడానికి ఒక సందు కూడా ఉంది. ఆ రెండూ ఏమిటో కనిపెడితే చంపాల్సిన పని చాలావరకు ఉండదు.

హైదరాబాద్ నేల దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఎండకూ వానకూ పగిలి, గుండ్రబడి, ఒకదాని మీద ఒకటి నిలిచిన బండలు ఈ ప్రాంతపు ముఖచిత్రం. ఆ బండల మధ్య సందుల్లోనే తేళ్లు, తొండలు, నలికిరులు, పాములు, ఉడుములు తరతరాలుగా బతికాయి. పైన బండ కాలిపోతున్నా లోతైన సందులో చల్లగా, కాస్త తేమగా ఉంటుంది. పాముకూ బల్లికీ మనలాగా ఒంట్లో స్థిరంగా వేడి పుట్టించుకునే శక్తి లేదు. చుట్టూ ఉన్న చోటే వాటి ఒంటి వేడిని నిర్ణయిస్తుంది. మే నెలలో నేల మీద పాక్కుంటూ పోయే పాముకు నీడ దొరకడం అంటే ప్రాణం దక్కడమే. అలాంటి జీవికి, మనుషుల అలికిడి లేని, తలుపులు మూసిన, టైల్స్ పరచిన బాత్రూమ్‌కూ బండ కింద సందుకూ తేడా కనిపించదు. చలికాలంలోనైతే ఫ్రిజ్ మోటారు వెనక, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన వెచ్చటి చోటు ఉంటుంది. వానాకాలంలో బొరియల్లోకి నీళ్లు నిండితే గట్టు మీదున్న ఏ గదైనా ఆశ్రయమే. నాగుపాము, జెర్రిపోతు గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. బొటనవేలంత లావు కూడా లేని నాగుపాము పిల్లకు విషం పుట్టుకతోనే ఉంటుంది.

ఇక రప్పించేది వెలుతురు. ఇంటికి తాళం వేసేవాళ్లు దొంగల భయంతో వరండా లైటు రాత్రంతా వెలిగేలా వదిలేస్తారు. దీపం చుట్టూ పురుగులు ఎందుకు తిరుగుతాయన్న ప్రశ్నకు చాలాకాలం సరైన జవాబు లేదు. చంద్రుణ్ని చూసి దారి పట్టే పురుగులు దీపాన్ని చంద్రుడనుకుంటాయని ఒక వాదన ఉండేది. యష్ సోంధీ, లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన శామ్యూల్ ఫేబియన్, వాళ్ల సహచరులు వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో పురుగుల ఎగురుడును గమనించి 2024 జనవరిలో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఎగిరే పురుగు తన వీపును ఎప్పుడూ వెలుతురు వైపు తిప్పుకుంటుంది. లక్షల ఏళ్లుగా రాత్రిపూట నేల కన్నా ఆకాశమే వెలుగుగా ఉండేది కాబట్టి, ఏది పైన, ఏది కింద అన్నది దానికి అలా తెలిసేది. బల్బు దగ్గరికి వచ్చేసరికి వీపు బల్బు వైపు తిరుగుతుంది. దాంతో తిన్నగా పోవాల్సిన దారి వంపు తిరిగి, పురుగు ఆ వెలుతురు చుట్టూ గిరికీలు కొడుతూ ఉండిపోతుంది. అంటే దీపం దాన్ని రమ్మని పిలవడం లేదు, దగ్గరికి వచ్చినదాన్ని వదలడం లేదు.

ఈ సంగతి ఇంటి యజమానికి ఎందుకంటే, ఆ బల్బు చుట్టూ తిరిగే పురుగుల కోసమే గోడ మీదికి బల్లి వస్తుంది. కింద రాలినవాటి కోసం మెట్ల దగ్గరికి గోదురుకప్ప వస్తుంది. ఆ రెండింటి కోసం పాము వస్తుంది. వారం పాటు ఆరని ఒక్క తెల్ల ఎల్‌ఈడీ బల్బు వరండాలో ఒక ఆహార గొలుసునే నిలబెడుతుంది. నీలం, అతినీలలోహిత కాంతి ఎక్కువున్న దీపాలకు పురుగులు ఎక్కువ చేరతాయి. పసుపుపచ్చ బల్బుకు తక్కువ. అందుకే వరండాకు పసుపు బల్బు పెట్టడం, మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ బిగించడం చాలా మందుల కన్నా బాగా పనిచేస్తాయి. దొంగ వచ్చినప్పుడు ఠక్కున వెలిగే దీపం కాపలాకు కూడా మంచిదే.

బల్లిని అందరికీ చూపించి మెచ్చుకోవాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నున్నటి గాజు మీద తలకిందులుగా పరుగెత్తే ఈ జీవి కాళ్లకు జిగురు లేదు, గాలి పీల్చి పట్టే గిన్నెల్లాంటి అమరికా లేదు. వేళ్ల కింద మడతల్లో కంటికి కనిపించనంత సన్నటి రోమాలున్నాయి. ఆగ్నేయాసియాకు చెందిన టోకే అనే పెద్ద బల్లి ఒక్కో పాదంలో దాదాపు 5 లక్షల రోమాలుంటాయని, ఒక్కొక్కటీ చివర్లో వందల పాయలుగా చీలి ఉంటుందని కెల్లర్ ఆటమ్ బృందం 2000లో 'నేచర్' పత్రికలో రాసింది. ఆ పాయలు గోడకు ఎంత దగ్గరగా ఆనుతాయంటే, అణువుల మధ్య సహజంగా ఉండే అతి బలహీనమైన ఆకర్షణ కూడా కోట్ల పాయల్లో కూడి బల్లి బరువును మోస్తుంది. దీనికి వాన్ డెర్ వాల్స్ బలమని పేరు. 2002లో అదే బృందం దాన్ని ప్రయోగాలతో నిరూపించింది. మన ఇళ్లలో తిరిగే బల్లి పాదాల ఏర్పాటు కూడా ఇలాంటిదే.

బల్లి మీద పడితే ఏమవుతుందో చెప్పే శాస్త్రం పంచాంగాల్లో ఉంది. జీవశాస్త్రం చెప్పేది వేరు. మన ఇంటి బల్లికి విషం లేదు. దాని పెంటికల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, కాబట్టి అన్నం గిన్నెల మీద మూతలు పెట్టాలి, పొయ్యి గట్టు తుడవాలి. అంతవరకే జాగ్రత్త. ప్రతిగా అది రాత్రంతా దోమల్ని, చిన్న బొద్దింకల్ని, రెక్కల పురుగుల్ని తింటుంది. కోడిగుడ్డు పెంకులు వేలాడదీస్తే, నెమలీకలు పెడితే బల్లి పారిపోతుందన్నది నమ్మకమే గానీ రుజువు లేదు. జిగురు అట్టలు పెట్టేవాళ్లకు ఒక మాట. వాటికి అంటుకున్న బల్లి ఒకటి రెండు రోజులు బతికే ఉండి చస్తుంది. ఎలుక కోసం పెట్టిన అట్టకు పిచ్చుక అంటుకుంటుంది, పాము కూడా అంటుకుంటుంది. అప్పుడు ఆ అట్టను ఎత్తేదెవరు?

బల్లుల్ని తినడానికి ఇంట్లోకి వచ్చే పాము ఒకటుంది. ఇంగ్లిషులో వుల్ఫ్ స్నేక్ అంటారు. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి పట్టీలతో, సన్నగా, గోడలు ఎక్కుతూ తిరుగుతుంది. విషం లేదు. కానీ దీన్ని చూసినవాళ్లలో చాలామంది కట్లపాము అనుకుని చంపేస్తారు. కట్లపాము నల్లగా మెరుస్తూ ఉంటుంది. దాని తెల్ల గీతలు తల దగ్గర సరిగా కనిపించవు, తోక వైపు పోయేకొద్దీ స్పష్టంగా, తరచు జంటగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కు పట్టీలు మెడ దగ్గర మొదలై తోక వైపు మసకబారుతాయి. ఈ తేడా ఫొటోలో చూసి తెలుసుకోవడానికే. పామును చేత్తో ఎత్తి పోల్చుకునే సాహసం ఎవరూ చేయకూడదు. ఎందుకంటే కట్లపాము మన దేశంలో అతి ప్రమాదకరమైన పాముల్లో ఒకటి. రాత్రి పూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. దాని కాటు దోమ కుట్టినంత కూడా నొప్పి పెట్టకపోవచ్చు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆ తర్వాత రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి అందకపోవడం. ఫామ్‌హౌస్‌లో చల్లగా ఉంటుందని నేల మీద చాప పరుచుకునే అలవాటు మానితే మంచిది. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర చాలావరకు కాపాడతాయి. నేపాల్‌ తెరాయి ఊళ్లలో జరిగిన సర్వేలో దోమతెరలో పడుకున్నవాళ్లకు పాముకాటు బాగా తక్కువని తేలింది.

సందుల సంగతి చెప్పాలి. మూసిన ఇంట్లోకి దారి ఎక్కువగా తలుపుల నుంచి ఉండదు, బాత్రూమ్ నుంచి ఉంటుంది. నేల మీద నీళ్లు పోయే జాలీ కింద ప్లంబర్లు నహానీ ట్రాప్ అనే గిన్నెలాంటి భాగం పెడతారు. అందులో రెండంగుళాల ఎత్తున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. మోరీలోని వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. ఈ ఆలోచన పాతది. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు 1775లో లండన్‌లో మరుగుదొడ్డి గొట్టాన్ని వంచి, ఆ వంపులో నీళ్లు నిలబెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. మనుషులున్న ఇంట్లో రోజూ నీళ్లు పోస్తుంటాం కాబట్టి ఆ వంపు నిండే ఉంటుంది. తాళం వేసిన ఇంట్లో, అదీ మన వేసవిలో, కొన్ని వారాల్లోనే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. అప్పుడు మోరీకీ పడకగదికీ మధ్య అడ్డేమీ ఉండదు. బొద్దింకలు వస్తాయి, వాటి వెనక చుంచు వస్తుంది, జాలీ ఊడి ఉంటే ఇంకా పెద్దవీ వస్తాయి. ఊరు వెళ్లేముందు ప్రతి జాలీలో మగ్గు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల నూనె వేస్తే ఆ పొర నీళ్లను చాలాకాలం ఆవిరి కానివ్వదు. జాలీ మీద ఒక చదునైన టైల్ ముక్క, దాని మీద బరువు పెడితే మరీ మంచిది. కమోడ్ మూత వేసి దాని మీదా ఏదైనా బరువు ఉంచాలి.

తలుపు కింద సందుకు బ్రష్‌లాంటి పట్టీ బిగించాలి. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. పుర్రె పట్టిందంటే మిగతా ఒళ్లు దానంతటదే దూరిపోతుంది. పాము కూడా అంతే. స్ప్లిట్ ఏసీ గొట్టం గోడలోంచి పోయే రంధ్రం, గ్యాస్ పైపు రంధ్రం, వంటగది సింకు కింది గొట్టం చుట్టూ ఖాళీ, నీళ్ల ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం, ఇవన్నీ ఒకసారి టార్చి వేసి చూడాలి. రంధ్రాల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూస్తే ఎలుక కొరకలేదు. ఉత్త థర్మోకోల్ ముక్కా, నురుగు ఫోమూ దాని పళ్లకు ఒక రాత్రి పని.

చుంచును చూసి ఎలుక అనుకోవడం మామూలే. కానీ అది ఎలుక జాతిది కాదు, పురుగులు తినే వేరే వంశానిది. మూతి పొడవుగా, కళ్లు చిన్నగా ఉంటాయి, గోడ వెంటే కిచకిచమంటూ పరుగెత్తుతుంది, ఒంటి నుంచి ఘాటు వాసన వస్తుంది. ఇంత చిన్న ఒంటికి వేడి నిలుపుకోవడం కష్టం కాబట్టి దాదాపు ఎప్పుడూ తింటూనే ఉండాలి. బొద్దింకలే దాని ప్రధాన భోజనం. తల్లి చోటు మారేటప్పుడు ఒక పిల్ల తల్లి తోక మొదలు కరచిపట్టుకుంటే, దాని వెనక ఇంకో పిల్ల, దాని వెనక మరొకటి, ఇలా గొలుసుగా నడుస్తాయి. గోడమూలన ఇలా పోయే చుంచుల వరస చూసినవాళ్లు దాని మీదికి చెప్పు విసరలేరు. బొద్దింకలు లేని ఇంట్లో అది ఉండదు, దాన్ని పంపడానికి అదొక్కటే దారి.

అసలు ఎలుకలు, పందికొక్కులు మాత్రం నిజంగా సమస్యే. వైర్లు కొరుకుతాయి, వాటి మూత్రం తగిలిన నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ప్రహరీ కింద పందికొక్కు తవ్విన బొరియ తర్వాత నాగుపాముకు ఇల్లవుతుంది. అయినా ఊరు వెళుతూ ఎలుకల మందు చల్లిపోవడం చెడ్డ పద్ధతి. బ్రోమాడయోలోన్ లాంటి మందులు విటమిన్ కె పనిచేయకుండా చేసి, రక్తం గడ్డకట్టే శక్తిని తీసేస్తాయి. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని పట్టుకున్న గుడ్లగూబకో పిల్లికో ఆ మందు చేరుతుంది. చచ్చిన ఎలుక బీరువా వెనక మిగిలితే ఆరు నెలల తర్వాత తలుపు తీసినవాళ్లకు తెలుస్తుంది. బియ్యం, పప్పు, కుక్క బిస్కెట్లు ఇంట్లో లేకుండా చేసి, సందులు మూసి, బోను పెట్టి వాచ్‌మన్‌ను రోజూ చూడమంటే పని జరుగుతుంది.

పావురాల విషయంలో నాకు మెతకదనం లేదు. వాటి పూర్వీకులు కొండ చరియల్లో గూళ్లు పెట్టేవి, పదో అంతస్తు బాల్కనీ వాటికి మంచి చరియ. ఏడాదంతా గుడ్లు పెడతాయి. రెండు గుడ్లు, దాదాపు 18 రోజులు పొదగడం, నెల దాటాక పిల్లలు ఎగురుతాయి, అదే చోట మళ్లీ గుడ్లు. ఎండి పొడైన వాటి రెట్ట గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే అలర్జీ వల్ల తీవ్రమైన వాపు వస్తుంది, క్రిప్టోకాకస్ అనే శిలీంద్రం కూడా వ్యాపించవచ్చు. ఊరు వెళ్లేముందే బాల్కనీకి వల కట్టించాలి. తిరిగి వచ్చాక పొడి రెట్టను చీపురుతో ఊడ్చకూడదు. మాస్కు పెట్టుకుని, సబ్బు నీళ్లు చల్లి నానబెట్టి, తడిగా తీయాలి. గుడ్లో పిల్లలో ఉంటే ఆ కొన్ని వారాలు ఓపిక పట్టి, ఎగిరిపోయాక వల కట్టించడం న్యాయం.

బండల నేల కాబట్టి తేలు మాట తప్పదు. తేలు పెంకు మీద అతినీలలోహిత కాంతి పడితే పచ్చగా మెరుస్తుంది. నకిలీ నోట్లు చూసే చిన్న టార్చి ఒకటి దగ్గరుంటే దీపాలార్పి, చెప్పుల స్టాండు, పరుపు కింద, తలుపు మూలలు వెతికి చూడవచ్చు. ఎర్ర తేలు కుడితే చిన్నపిల్లల గుండె దెబ్బతింటుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్రతో ఈ మరణాల్ని బాగా తగ్గించవచ్చని చూపించారు. కాబట్టి మంత్రం కోసం కాక ఆసుపత్రికే పరుగెత్తాలి.

ఇంట్లో పాము కనబడితే ఒకరు దూరంగా నిలబడి అది ఎటు పోతోందో చూస్తుండాలి. మిగతావాళ్లు పిల్లల్ని, కుక్కల్ని బయటికి తీసుకుపోవాలి. గది తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు దోపి, ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1995 నుంచి ఈ పని చేస్తోంది. శిక్షణ ఉన్న దాని సభ్యులు పామును పట్టి అటవీశాఖ ద్వారా వదిలిస్తారు. కార్బాలిక్ యాసిడ్, గంధకం, వెల్లుల్లి, శబ్దం చేసే యంత్రాలు పాముల్ని ఆపుతాయని నమ్మదగిన రుజువు లేదు. యాసిడ్ మన పాదాల్నే కాలుస్తుంది. చంపడం నేరం కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ నాగుపామును మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. ఆ షెడ్యూల్ ప్రాణిని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడుతుంది.

ఎవరికైనా కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కాలో చెయ్యో కదలకుండా చెక్కకు కట్టి, 108కి ఫోన్ చేసి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో 'ఈలైఫ్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా 58 వేల మంది. అందులో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. మరణాలు ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. తోటలో పనిచేసే మాలికీ వాచ్‌మన్ కుటుంబానికీ ఒక మంచం, దోమతెర, టార్చి, బూట్లు ఇవ్వడం ఫామ్‌హౌస్ యజమానుల మొదటి ఖర్చు కావాలి. వారానికి ఒకసారి వచ్చే మనకన్నా రోజూ అక్కడ ఉండే వాళ్లకే అపాయం ఎక్కువ.

పట్టిన పామును ఎక్కడో దూరపు అడవిలో వదిలితే దానికి మేలని అందరం అనుకుంటాం. అమెరికాలో టింబర్ రాటిల్ స్నేక్‌లకు రేడియో పరికరాలు అమర్చి చేసిన ఒక పరిశోధన 1999లో వెలువడింది. కొత్త చోటికి తరలించినవి స్థానికంగా ఉన్నవాటికన్నా ఎంతో ఎక్కువగా చనిపోయాయి. దారులు తెలియక, దాక్కునే సందులు దొరక్క దూరదూరాలు తిరిగాయి. పట్టుకోవడం అత్యవసరానికి చేసే పనే గానీ శాశ్వత పరిష్కారం కాదు.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టినప్పుడు జింకలు, నెమళ్లు అల్లాడటం అందరూ చూశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపింది. ఆ నేలలో బండల కింద ఉన్న పాములు, తేళ్లు, నలికిరులు ఎవరి ఫోన్‌లోకీ ఎక్కలేదు. జేసీబీ వచ్చిన ప్రతి ప్లాటు నుంచి అలాంటివి పక్క కాలనీల్లోకి నడిచి వస్తూనే ఉన్నాయి. భూమి చదును చేయడానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే, యంత్రాలు దిగకముందు పాములు పట్టేవాళ్లకూ జీవశాస్త్రవేత్తలకూ కొన్ని రోజులు కేటాయించాలని, బండల్ని పేల్చే పని వానాకాలంలో పెట్టుకోకూడదని షరతులు రాయాలి. వీటిని అడగాల్సింది ఆ నేల పక్కనే ఇళ్లు కొన్న మనమే, మన అపార్ట్‌మెంట్ సంఘాలే.